నలుగురూ ఏమంటున్నారు? మన పనితీరుపై చుట్టూ ఉన్నవారి మాట గురించి... మీకు తెలుసా?

మార్చి, ఏప్రిల్ నెలలు వస్తే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అప్రైజళ్ల మాటే వినిపిస్తుంది. ఒకప్పుడు మేనేజరు ఒక్కరే మార్కులు వేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల పక్క సీటువాళ్లు, కింద పనిచేసేవాళ్లు, వేరే టీమువాళ్లు, కొన్నిసార్లు క్లయింట్లు కూడా మన గురించి రాస్తారు. మనకు మనం కూడా వేసుకుంటాం. అవన్నీ పక్కపక్కన పెట్టిన నివేదికే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్. ఆఫీసు వాడుకలో ‘త్రీ సిక్స్‌టీ’. ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీలు కనిపెట్టిన పద్ధతి అనుకునేవారు చాలామంది. దీని వెనుక రాజులున్నారు, గూఢచారులున్నారు, సైనికులున్నారు. మన పల్లెల్లో ఉపాధి హామీ కూలీలూ ఉన్నారు. ఆ సంగతులు కొన్ని ఇక్కడ.

ముఖం మీద మరక ఉంటే చెప్పేవారెందరు?

అమెరికాలో పరిశోధకులు ఓ చిన్న ప్రయోగం చేశారు. సర్వే చేసే మనిషి ముఖం మీద కావాలనే ఓ మరక పెట్టుకుని జనం దగ్గరికి వెళ్లి ప్రశ్నలు అడగాలి. చాక్లెట్టో, లిప్‌స్టిక్కో, మార్కరు గీతో, ఏదో ఒకటి. సర్వే అయ్యాక విచారిస్తే 155 మంది ఆ మరకను చూశామన్నారు. ఆ ముక్క ఎదుటి మనిషితో చెప్పినవాళ్లు నలుగురే!

క్షణంలో తుడిచేసుకోగలిగిన మరక గురించే మనం నోరు విప్పకపోతే, ‘మీటింగులో మీరు ఎవరినీ మాట్లాడనివ్వరు’ అని ఎలా చెబుతాం? 2022లో ప్రచురించిన ఈ పరిశోధనలో ఇంకో ముఖ్యమైన సంగతి తేలింది. చెప్పాల్సినవాళ్లు ఎదుటివారి కోరికను తక్కువగా అంచనా వేస్తున్నారు. ‘చెబితే బాధపడతారేమో’ అని మనం ఆగుతాం, వాళ్లేమో ‘ఎవరైనా చెబితే బాగుండు’ అనుకుంటారు. ‘ఆ చోట నేనుంటే ఏం కోరుకుంటాను?’ అని ఒక్కసారి ఆలోచించుకోమన్నప్పుడు, చెప్పడానికి సిద్ధపడేవారు పెరిగారు.

చెడు కబురు చేరవేయడానికి మనిషి వెనకాడతాడన్న సంగతిని 1970లోనే సిడ్నీ రోజెన్, అబ్రహాం టెస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించి, దానికి ‘మమ్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు. అందుకే, ఎవరూ ఏమీ అనడం లేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకోవడానికి వీల్లేదు.

ముగ్గురి లెక్క కౌటిల్యుడిదే

ఇవాళ చాలా కంపెనీల త్రీ సిక్స్‌టీ పద్ధతుల్లో ఓ నియమం ఉంటుంది. ఒక వర్గం నుంచి కనీసం ముగ్గురు రాస్తేనే ఆ వర్గం మార్కులు నివేదికలో కనిపిస్తాయి. ఒకరో ఇద్దరో రాస్తే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది కదా.

ఈ ‘ముగ్గురు’ అనే లెక్క అర్థశాస్త్రంలోనూ ఉంది. మొదటి అధికరణంలో గూఢచారుల గురించి చెబుతూ కౌటిల్యుడు, వాళ్లు ఒకరికొకరు తెలియకూడదంటాడు. ముగ్గురి మాటా ఒకటే అయినప్పుడు నమ్మవచ్చంటాడు. పదేపదే పొంతన లేని వార్తలు తెస్తున్నవాణ్ని తొలగించాలనీ అంటాడు. ఆయన దృష్టి వార్త నిజానిజాల మీద. మన కంపెనీల దృష్టి చెప్పినవారి రక్షణ మీద. రెండూ అవసరమైనవే.

జనాభిప్రాయం సేకరించడానికి కౌటిల్యుడు చెప్పిన ఉపాయం ఇంకా ఆసక్తికరం. తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడే చోట్ల గూఢచారులు తమలో తామే వాదన పెట్టుకోవాలి. ఒకరు రాజును తప్పుపడితే మరొకరు వెనకేసుకు రావాలి. చుట్టూ చేరినవాళ్లు ఎటు మొగ్గుతున్నారో గమనించాలి. నేరుగా అడిగితే ఎవరూ చెప్పరన్న ఎరుక అప్పటికే ఉందన్నమాట.

రాముడు అడిగింది ఎవరిని?

సీత గురించి లోకం ఏమంటోందో రాముడు తెలుసుకున్న ఘట్టం తలుచుకోగానే తెలుగువాళ్లకు చాకలి గుర్తొస్తాడు. ‘లవకుశ’ సినిమా చూసిన మూడు తరాలకూ అదే గుర్తు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఆ పాత్ర లేదు. అక్కడ రాముడు మిత్రులతో కొలువుతీరి ఉండగా భద్రుడనే అతణ్ని అడుగుతాడు: నగరంలో, పల్లెల్లో నా గురించి, సీత గురించి, తమ్ముళ్ల గురించి ఏమనుకుంటున్నారు? భద్రుడు మొదట మంచి మాటలే చెబుతాడు. రాముడు ఊరుకోడు. మంచీ చెడూ రెండూ చెప్పు, సంకోచించకు అని మళ్లీ అడుగుతాడు. అప్పుడు గానీ అసలు మాట బయటికి రాదు.

ఆ రెండోసారి అడగడంలోనే మెళకువంతా ఉంది. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ మర్యాద కోసం చెప్పేదే. కానీ ఇదే ఘట్టం ఇంకో ప్రశ్న కూడా మన ముందుంచుతుంది. లోకం ఎవరి గురించి మాట్లాడిందో ఆ సీత మాట ఎవరూ అడగలేదు. అభిప్రాయాలు సేకరించి ఒక మనిషి బతుకు మీద నిర్ణయం తీసుకునేటప్పుడు, ఆ మనిషి సమాధానం కూడా వినాలా వద్దా? ఈ ప్రశ్న కాస్త గుర్తుంచుకోండి. 2008లో మన సుప్రీంకోర్టు దాదాపు ఇదే ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

చైనాలో తొమ్మిది మెట్లు

క్రీ.శ. 220లో చైనాలో ఛెన్ ఛ్యున్ అనే మంత్రి ఒక పద్ధతి పెట్టాడు. ప్రాంతానికో మదింపు అధికారి ఉంటాడు. ఉద్యోగానికి తగినవారి గురించి స్థానికంగా ఉన్న పేరు, నడవడి విచారించి తొమ్మిది శ్రేణుల్లో ఒక శ్రేణి ఇస్తాడు. ఊరి మాటకు విలువ ఇవ్వాలన్నది ఉద్దేశం. కొన్ని తరాలు తిరిగేసరికి పై శ్రేణులన్నీ పెద్ద వంశాలవారికే దక్కాయి. పై శ్రేణుల్లో పేద ఇంటివాడు, కింది శ్రేణుల్లో పలుకుబడి ఉన్నవాడు కనిపించరని లియు యి అనే అధికారి చక్రవర్తికే ఫిర్యాదు రాశాడు. ఊరి మాట అంటే ఊళ్లో ఎవరి మాట? ఆ అనుమానం అప్పటినుంచీ ఉంది.

నాలుగు రంగుల చెక్క

స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లు నడిపిన రాబర్ట్ ఓవెన్ 1800 ప్రాంతంలో ప్రతి కార్మికుడి దగ్గరా ఓ నాలుగు పలకల చెక్కముక్క వేలాడదీయించాడు. నలుపు, నీలం, పసుపు, తెలుపు. నిన్నటి పనితీరును బట్టి ఇవాళ ఒక రంగు ముందుకు తిప్పి పెట్టేవారు. నలుపు అంటే బాగాలేదు, తెలుపు అంటే భేష్. అందరికీ కనిపించే మార్కు అది. వేసేది మాత్రం పైవాడే.

మంచివాడని పేరొస్తే అన్నీ మంచే

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ డిల్ స్కాట్ ఒక కొలబద్ద తయారుచేసి ఇచ్చాడు. మార్కులు వేసే అధికారి ముందుగా తనకు తెలిసిన అధికారుల్లో అందరికన్నా గట్టివాడు ఎవరు, నడిమి రకం ఎవరు, నాసి రకం ఎవరు అని పేర్లతో సహా రాసుకోవాలి. తర్వాత తన కింద ఉన్నవారిని ఒక్కొక్కరినీ ఆ మనుషుల పక్కన నిలబెట్టి పోల్చాలి. అంకెలతో కాక మనుషులతో మనుషుల్ని కొలవడమన్నమాట.

సైనికాధికారులకు పైవాళ్లు వేసిన మార్కులను పరిశీలించిన మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్‌కు 1920లో ఒక విచిత్రం కనిపించింది. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడి వేర్వేరు గుణాలు. కానీ ఒకదాంట్లో ఎక్కువ వచ్చినవాడికి అన్నింటిలోనూ ఎక్కువే వచ్చాయి. మార్కులు వేసేవాళ్లు ఒక్కో గుణాన్నీ విడిగా చూడడం లేదు. మనిషి మీద ఉన్న మొత్తం అభిప్రాయాన్నే అన్ని గళ్లలోనూ నింపుతున్నారు. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటున్నాం. వందేళ్ల తర్వాత ఇవాళ్టి ఆన్‌లైన్ ఫారాల్లోనూ ఈ జబ్బు పోలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకో అడుగు పడింది. తోటివారే ఒకరికొకరు మార్కులు వేసుకునే ‘బడ్డీ రేటింగ్’. అమెరికా మెరైన్ దళంలో అధికారుల శిక్షణ పొందుతున్నవారి మీద జరిగిన అధ్యయనం 1947లో వెలువడింది. రేపు యుద్ధంలో ఎవరు నిలబడతారన్నది కొన్ని పరీక్షల మార్కుల కన్నా, కలిసి తిని, కలిసి నడిచిన తోటివారి అంచనాయే మెరుగ్గా పట్టుకుంది. పక్కవాడికి తెలిసినంతగా పైవాడికి తెలియదన్న నమ్మకానికి ఆధారం దొరికింది అక్కడే.

ఒకే మనిషి, మూడు నివేదికలు

మొదటిసారి త్రీ సిక్స్‌టీ నివేదిక అందుకున్న ప్రతివారికీ ఒక అయోమయం. మేనేజరు ఒకలా, టీమ్ ఇంకోలా రాశారు. ఎవరిది నిజం?

తేడాలు ఉండడమే మామూలు. ఎన్నో అధ్యయనాలను కలిపి 1997లో జేమ్స్ కాన్వే, అలెన్ హఫ్‌కట్ లెక్కగట్టారు. ఇద్దరి మార్కులు పూర్తిగా కలిస్తే 1, సంబంధమే లేకపోతే 0 అనుకుందాం. పై అధికారికీ సాటి ఉద్యోగులకూ మధ్య పొంతన 0.34. పై అధికారికీ కింద పనిచేసేవారికీ మధ్య 0.22. దీనర్థం ఎవరో అబద్ధం ఆడుతున్నారని కాదు. పై అధికారి చూసేది గడువుకు పని అందిందా లేదా. కింద ఉన్నవాళ్లు చూసేది ఆ గడువు కోసం ఎన్ని రాత్రులు మేల్కోవాల్సొచ్చిందీ అని. ఇద్దరూ చూసింది నిజమే.

అయితే ఇంకో అధ్యయనం మరింత కలవరపెట్టే సంగతి చెప్పింది. 4,492 మంది మేనేజర్లకు పైవాళ్లు, పక్కవాళ్లు, కిందివాళ్లు వేసిన మార్కులను 2000లో స్టీవెన్ స్కలెన్, ఆయన సహచరులు విడమర్చి చూశారు. ఆ మార్కుల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో సగానికి పైగా మార్కులు వేసినవారి సొంత ధోరణి వల్ల వచ్చినవే. ఒకరు చేతికి ఎముక లేనట్టు వేస్తారు, ఇంకొకరు పిసినారితనంగా వేస్తారు. కాబట్టి ఒక మనిషి వేసిన ఒక అంకెను పట్టుకుని రాత్రంతా బాధపడడం దండగ. నలుగురైదుగురు వేర్వేరుగా ఒకే మాట రాశారా అని చూడాలి.

హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్న డెలాయిట్ సంస్థ ఒకప్పుడు ఉద్యోగుల మదింపు మీద ఏడాదికి దాదాపు 20 లక్షల గంటలు ఖర్చవుతున్నాయని లెక్కేసుకుంది. 2015లో పద్ధతి మార్చుకున్నప్పుడు, ‘ఈ మనిషి ఎలాంటివాడు?’ అని అడగడం తగ్గించి, ‘ఈ మనిషి ఎప్పుడూ నీ టీమ్‌లో ఉండాలని కోరుకుంటావా?’ వంటి ప్రశ్నలు టీమ్ లీడర్లను అడగడం మొదలుపెట్టింది. ఎదుటివారి గుణాల మీద తీర్పు చెప్పడంలో మనం పొరపడతాం. మనం ఏం చేస్తామో చెప్పడంలో అంతగా పొరపడం.

మన దేశంలో దీనికి పునాది వేసిందెవరు?

విదేశీ కంపెనీలతో పాటు ఇది ఇక్కడికి దిగుమతి అయిందని చాలామంది అనుకుంటారు. అహ్మదాబాద్ ఐఐఎంలో ప్రొఫెసర్లుగా పనిచేసిన ఉదయ్ పారీక్, టి.వి.రావు 1970ల మధ్యలో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపకల్పన చేశారు. మార్కులు వేసి జీతం తేల్చే పనినీ, మనిషిని ఎదగనిచ్చే పనినీ విడదీయాలన్నది వాళ్ల ఆలోచన. 1980ల్లో అహ్మదాబాద్ ఐఐఎంలో మేనేజర్ల శిక్షణకు వచ్చేవారి గురించి వాళ్ల సహచరుల నుంచి, కింద పనిచేసేవారి నుంచి ప్రశ్నావళులు తెప్పించి, ఆ ఫలితాలను శిక్షణలో వాళ్లకే చూపించేవారు. అమెరికాలో మార్క్ ఎడ్వర్డ్స్, ఆన్ ఇవెన్ కలిసి 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ పేరుతో పుస్తకం తెచ్చింది 1996లో. నేషనల్ హెచ్‌ఆర్‌డీ నెట్‌వర్క్‌కు వ్యవస్థాపక అధ్యక్షుడు కూడా టి.వి.రావే. ఇవాళ అప్రైజల్ ఫారం నింపుతున్న లక్షలాది తెలుగు ఉద్యోగుల్లో ఈ పేరు తెలిసినవారు తక్కువ. తెలియాల్సిన పేరు.

‘గుడ్’ అని రాసినందుకు సుప్రీంకోర్టు దాకా

సరిహద్దు రహదారుల ఇంజినీరింగ్ సర్వీసులో దేవ్ దత్ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఉండేవారు. సూపరింటెండింగ్ ఇంజినీరుగా ప్రమోషన్ రావాలంటే వరుసగా అయిదేళ్ల రహస్య నివేదికల్లో ‘వెరీ గుడ్’ ఉండాలి. ఆయనకు 1993-94లో మాత్రం ‘గుడ్’ అని పడింది. ‘గుడ్’ అంటే చెడ్డమాట కాదు కాబట్టి ఆయనకు తెలియజేయనక్కర్లేదని పైవాళ్లు అనుకున్నారు. ప్రమోషన్ పోయింది. ఎందుకు పోయిందో తెలుసుకుని, దాన్ని ప్రశ్నించే అవకాశం కూడా ఆయనకు లేకపోయింది.

2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచిదైనా, చెడ్డదైనా, మధ్యరకమైనా ప్రతి మార్కునూ ఉద్యోగికి తెలపాలి, దానిపై విన్నవించుకునే అవకాశం ఇవ్వాలి అని. అప్పటికే ఆయన రిటైరయ్యారు. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మరో కేసులో దీన్నే బలపరిచింది. ‘సీఆర్’ అని భయపడుతూ పిలుచుకున్న రహస్య నివేదిక ఇప్పుడు వార్షిక పనితీరు మదింపు నివేదిక, అంటే ఏపీఏఆర్‌గా మారి ఉద్యోగి చేతికే వస్తోంది. మన సచివాలయాల్లో, కలెక్టరేట్లలో పాత సీఆర్‌ల కాలం చూసినవారికి ఈ మార్పు ఎంత పెద్దదో తెలుసు. రాసినవారి చేతిలో ఉన్న కలానికి జవాబు చెప్పే కలం ఒకటి రెండోవైపూ వచ్చింది.

ఇంతలో తమాషా చూడండి. కేంద్ర ప్రభుత్వంలో జాయింట్ సెక్రటరీ, ఆపై స్థాయి పదవులకు అధికారులను ఎంపిక చేసేటప్పుడు 2015 ప్రాంతం నుంచి ‘మల్టీ సోర్స్ ఫీడ్‌బ్యాక్’ అని కొత్త పద్ధతి వచ్చింది. కాగితం మీద అందరికీ మంచి మార్కులే ఉంటాయి కాబట్టి, ఆ అధికారితో పనిచేసిన పైవాళ్లను, తోటివాళ్లను, కిందివాళ్లను విచారించి అసలు పేరు ఎలా ఉందో తెలుసుకోవాలని. ఉద్దేశంలో న్యాయం ఉంది. 2017లో పార్లమెంటరీ స్థాయీ సంఘం మాత్రం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అభిప్రాయాలు అనధికారికంగా సేకరిస్తున్నారు, పారదర్శకత లేదు, ఎవరైనా తమకిష్టమైనట్టు మలచడానికి వీలుంది అని. కలం పట్టి రాసిన మాటకు జవాబిచ్చే హక్కు కోర్టు ఇచ్చింది. నోటిమాటగా చెప్పినదానికి ఆ హక్కు ఎలా వాడుకోవాలి? ముప్పై ఏళ్ల సర్వీసు ఓ ఫోన్ సంభాషణతో తేలిపోకూడదు. ఈ విషయంలో పార్లమెంటరీ సంఘం మాటే సబబని నా అభిప్రాయం.

ఊరి మధ్య పెట్టిన అప్రైజల్

త్రీ సిక్స్‌టీ అంటే ఏసీ గదుల్లో జరిగేదనుకుంటాం. దేశంలోనే పెద్దదైన ‘కింది నుంచి పైకి’ మదింపుల్లో ఒకటి మన పల్లెల్లో మొదలైంది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్, గ్రామసభ ఆ పనులను సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. రాజస్థాన్‌లో అరుణా రాయ్, ఆమె సహచరుల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి నడిపిన జనసునవాయీల (బహిరంగ విచారణల) అనుభవం ముందే ఉంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ప్రభుత్వ వ్యవస్థలోకి తెచ్చి, 2009లో ఇందుకోసమే ‘శాట్’ అని ఓ సొసైటీ ఏర్పాటు చేసింది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఇది సాగుతోంది.

ఎలా జరుగుతుందంటే, మండల కార్యాలయం నుంచి మస్టర్లు (హాజరు పట్టీలు), చెల్లింపుల రికార్డులు తీసుకుంటారు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇస్తారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డు పక్కన మస్టరు పెట్టి అడుగుతారు: నువ్వు ఎన్ని రోజులు పనికి పోయావు? ఇందులో ఇన్ని రోజులని ఉంది, నిజమేనా? డబ్బు ఎంత ముట్టింది? తవ్విన కుంటను, పోసిన కట్టను టేపుతో కొలుస్తారు. గ్రామసభలో చదివి వినిపిస్తారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా కింద ఒకవైపు అధికారులు, ఫీల్డ్ అసిస్టెంట్లు, మరోవైపు కూలీలు. ఊరు వదిలి వలసపోయినవారి పేరు మీద, చనిపోయినవారి పేరు మీద కూడా హాజరు పడ్డ సంగతులు ఇలాంటి వేదికల మీదే బయటపడ్డాయి.

కార్పొరేట్ పద్ధతికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ చెప్పేవారి పేరు దాచడమే రక్షణ. ఇక్కడ కూలీ మైకు పట్టుకుని తన పేరు, ఊరు చెప్పి మాట్లాడుతుంది. ఆమెకు రక్షణ ఆ జనమే. ఒంటరిగా మాట్లాడితే పని దొరకదన్న భయం, నలుగురూ ఒకే మాట చెబుతున్నప్పుడు తగ్గుతుంది. ఆఫీసుల్లో త్రీ సిక్స్‌టీ రూపొందించేవారు ఒక్క ప్రజావేదికనైనా చూసి రావాలని నా కోరిక.

ఇందులో చేదు నిజం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను ఏళ్ల తరబడి పరిశీలించిన ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిదీ, వేగార్డ్ ఇవర్సన్‌లకు, తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా అక్రమాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. తప్పు తేలడం తేలుతోంది, ఆ తర్వాత శిక్షలు, సొమ్ము రాబట్టడం నీరసంగా సాగుతున్నాయి. మాట చెప్పించుకుని చెప్పినవాళ్లకు ఫలితం చూపించకపోతే, అడిగే హక్కే క్రమంగా చులకనైపోతుంది. ఇది పల్లెకూ కంపెనీకీ ఒకటే.

సీఈఓ మార్కులు అందరి ముందూ

హెచ్‌సీఎల్ టెక్నాలజీస్ అధిపతిగా ఉన్నప్పుడు వినీత్ నాయర్ తనకు ఉద్యోగులు వేసిన త్రీ సిక్స్‌టీ మార్కులను కంపెనీ ఇంట్రానెట్‌లో అందరూ చూసేలా పెట్టేశారు. చాలామంది మేనేజర్లు ఆయన బాట పట్టారు. మేనేజరు మీద రాసిన మాట ఏ చెత్తబుట్టలోకి పోతుందో తెలియని చోట ఎవరూ మనసుపెట్టి రాయరు. పైనున్నాయనే ముందు తన కాగితం బయట పెడితే కిందివాళ్లకు కలం కదులుతుంది.

స్టాక్ ర్యాంకింగ్ ఎత్తేసింది సత్య నాదెళ్ల కాదు

మైక్రోసాఫ్ట్‌లో ప్రతి టీమ్‌లోనూ కొందరికి తప్పనిసరిగా తక్కువ ర్యాంకు ఇవ్వాలన్న పద్ధతిని మన హైదరాబాద్ వాసి సత్య నాదెళ్ల తీసేశారని చాలామంది చెప్పుకుంటారు. అది రద్దయింది 2013 నవంబరులో. ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. ఆ తర్వాతి మదింపులో ‘పక్కవారి విజయానికి నువ్వేం చేశావు, పక్కవారి పని మీద ఆధారపడి నువ్వేం కట్టావు’ అన్న ప్రశ్నలకు చోటు పెరిగింది. సాటివాణ్ని తొక్కితేనే నీకు ర్యాంకు వచ్చే చోట సాటివాడి చేత ఫీడ్‌బ్యాక్ రాయించడం క్రూరం.

పేరు రాయమంటే మార్కులు పెరుగుతాయి

మేనేజర్లకు కింది ఉద్యోగులు వేసే మార్కుల మీద డేవిడ్ ఆంటోనియోని 1994లో చేసిన అధ్యయనం ఇది. పేరు తెలిసేలా రాయమన్నవాళ్లు, పేరు లేకుండా రాసినవాళ్ల కన్నా ఎక్కువ మార్కులు వేశారు. అలాగే, ఈ మార్కులు జీతం, ప్రమోషన్ కోసమంటే ఒక రకంగా, కేవలం నేర్చుకోవడం కోసమంటే ఇంకో రకంగా వస్తాయి. డబ్బుతో ముడిపడితే మార్కులు ఉబ్బుతాయని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతిగా ఈ పద్ధతిని వాడిన జాక్ వెల్చ్ కూడా, కాలం గడిచేకొద్దీ జనం ఒకరి గురించి ఒకరు మంచే రాసుకోవడం మొదలుపెట్టారని తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

మన ఆఫీసుల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. రోజూ ‘అన్నా’ అని పిలిచి, కలిసి టీ తాగి, ఇంట్లో శుభకార్యానికి పిలిచే మనిషికి ఫారంలో అయిదుకి రెండు వేయడానికి చెయ్యి రాదు. ఆ ఆప్యాయత మంచిదే. దాన్ని వదులుకోమని ఎవరూ అడగకూడదు. అంకెలు తగ్గించి, ‘ఫలానా రోజు ఫలానా పని జరిగినప్పుడు ఏం చేసి ఉంటే బాగుండేది’ అని అడిగితే ‘అన్న’ మీద ప్రేమతోనే నిజం రాయవచ్చు.

డాక్టరుకు రోగి మార్కులు

బ్రిటన్‌లో 2012 డిసెంబరు నుంచి డాక్టర్లు లైసెన్సు నిలుపుకోవాలంటే అయిదేళ్లకోసారి తమ యోగ్యతను మళ్లీ రుజువు చేసుకోవాలి. అందులో సహోద్యోగుల అభిప్రాయం, రోగుల అభిప్రాయం రెండూ ఉండాలి. అక్కడ పనిచేస్తున్న వేలాది భారతీయ డాక్టర్లూ ఈ దారిన పోవాల్సిందే.

ఇక మన కాలేజీల విషయానికొస్తే, న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు కోసం విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, ఉద్యోగాలిచ్చే సంస్థలు అందరి అభిప్రాయమూ సేకరించాలి. విద్యార్థుల చేత మేష్టర్లకు మార్కులు వేయించే కొలబద్దను పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో హెర్మన్ రెమ్మర్స్ 1927లోనే ప్రచురించాడు. దాదాపు వందేళ్లుగా ఇది నడుస్తూనే ఉంది.

మూడింట ఒక వంతు సందర్భాల్లో నష్టమే

ఫీడ్‌బ్యాక్ ఎప్పుడూ మేలే చేస్తుందని నమ్మేవాళ్లను ఉలికిపడేలా చేసిన పరిశోధన ఒకటుంది. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి 607 ఫలితాలను కలిపి 1996లో లెక్కతీశారు. మొత్తం మీద ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగుపడింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ముందున్న దానికన్నా దిగజారింది! మాట పని మీద ఉన్నంతసేపూ ఉపయోగం. అది మనిషి మీదికి, అతని విలువ మీదికి మళ్లితే నష్టం మొదలవుతుంది. ‘ఈ రిపోర్టులో మూడో పట్టిక తప్పు’ అంటే సరిదిద్దుకుంటాం. ‘నీకు శ్రద్ధ లేదు’ అంటే సరిదిద్దుకోవడానికి చేతికి ఏమీ దొరకదు.

‘ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి’ అనకండి

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2019లో ప్రకటించిన ఫలితం అందరికీ పనికొస్తుంది. ఒకే పనిని చూపించి కొందరిని ‘ఫీడ్‌బ్యాక్ చెప్పండి’ అన్నారు, మరికొందరిని ‘సలహా చెప్పండి’ అన్నారు. సలహా అడిగినవాళ్లకు, మెరుగుపరచుకోవాల్సిన అంశాలు 34 శాతం ఎక్కువగా, ఎలా మెరుగుపరచుకోవాలో చెప్పే దారులు 56 శాతం ఎక్కువగా వచ్చాయి. ఫీడ్‌బ్యాక్ అంటే జరిగిపోయినదానికి మార్కు వేయడమని మనసు అనుకుంటుంది. సలహా అనగానే ముందు జరగబోయేది ఆలోచిస్తుంది. సలహా చెప్పడానికి వెనకాడే తెలుగువాడు అరుదు కనుక మన దగ్గర ఇది ఇంకా బాగా పనిచేయాలి. ‘వచ్చే నెల ఈ ప్రాజెక్టులో నేను ఒక్కటి మార్చుకోవాలంటే ఏం మార్చుకోమంటారు?’ అని అడిగి చూడండి. ఒక్కటే అడగాలి. భద్రుడి విషయంలో లాగా, మొదటి జవాబు విన్నాక ‘ఇంకేమైనా?’ అని ఒకసారి ఆగాలి.

అడిగినవాళ్లు తిరిగి వచ్చారా?

చుట్టూ ఉన్నవారి మాట వల్ల మేనేజర్లు నిజంగా మారతారా అని 24 దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి 2005లో జేమ్స్ స్మిథర్ బృందం చూసింది. సగటున వచ్చిన మెరుగుదల స్వల్పం. మరి కొందరు ఎందుకు బాగా మారుతున్నారు? మార్షల్ గోల్డ్‌స్మిత్, హోవర్డ్ మోర్గన్ ఎనిమిది కంపెనీల్లో 86 వేల మంది అభిప్రాయాలు చూశాక ఒకే తేడా పట్టుకున్నారు. మారినవాళ్లు తమ సహచరుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి, ‘నేను అనుకున్నది చేస్తున్నానా?’ అని అడిగినవాళ్లు.

దీనికి ఇంకా గట్టి ఆధారం 1999లో వచ్చింది. ఆలన్ వాకర్, జేమ్స్ స్మిథర్ 252 మంది మేనేజర్లను అయిదేళ్ల పాటు గమనించారు. ఏటా కింద పనిచేసేవాళ్లు వాళ్లకు మార్కులు వేశారు. వచ్చిన నివేదికను కొందరు సొరుగులో పెట్టేశారు, కొందరు టీమ్‌ను కూర్చోబెట్టి దాని గురించి మాట్లాడారు. మాట్లాడినవాళ్లు ఎక్కువ మెరుగుపడ్డారు. అంతేకాదు, ఒకే మేనేజరు విషయంలోనూ, ముందటేడు వచ్చిన మాటల గురించి టీమ్‌తో చర్చించిన ఏడాది ఎక్కువ మెరుగుదల, చర్చించని ఏడాది తక్కువ మెరుగుదల కనిపించాయి.